విటమిన్ డి అంకె పెరిగితే క్యాన్సర్ తిరిగి రాదా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ఊరు. అమ్మకు 57 ఏళ్లు. పెళ్లయినప్పటి నుంచి జీడిపప్పు షెడ్డులో పనిచేసింది. నిరుడు రొమ్ము క్యాన్సర్‌కు విశాఖపట్నంలో ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయ్యాయి. ఇప్పుడు రోజూ లెట్రోజోల్ మాత్ర, కాల్షియం మాత్ర వేసుకోమన్నారు. కీమో అయ్యాక చేసిన పరీక్షలో విటమిన్ డి 9 వచ్చింది. డి 60 దాటితే రొమ్ము క్యాన్సర్ 80 శాతం తగ్గుతుందని, వచ్చినవాళ్లకు తిరిగి రాదని హైదరాబాదులో ఉండే మావయ్య వాట్సాప్‌లో వచ్చిన సందేశం పంపాడు. అప్పటి నుంచి వారానికొక 60,000 యూనిట్ల పొట్లం పాలలో కలిపి ఇస్తున్నాం. ఏడు నెలలైంది. మొన్న పరీక్షిస్తే 88 ఉంది. లెట్రోజోల్‌తో కీళ్లు పట్టేస్తున్నాయని అమ్మ ఆ మాత్రను రోజు విడిచి రోజు వేసుకుంటోంది. డి బాగుంది కాబట్టి ఫర్వాలేదని మావయ్య అంటున్నాడు. నాన్నకు క్రియాటినిన్ 2.4. ఒళ్లు నొప్పులంటూ ఆయన కూడా అప్పుడప్పుడు ఇంట్లో ఉన్న పొట్లం తాగుతున్నారు. నాయనమ్మ అడ్డపొగ తాగుతుంది, అంటే చుట్టను నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తుంది. ఆమెకు బీటా కెరోటిన్, విటమిన్ ఇ ఉన్న క్యాప్సూళ్లు మొదలుపెట్టమని మావయ్య చెబుతున్నాడు. నాకు 34. నేనూ డి పరీక్ష చేయించుకుని పొట్లాలు మొదలుపెట్టాలా? అన్నట్టు, ఈమధ్య అమ్మకు దాహం ఎక్కువైంది. మలబద్ధకం, అన్నం సయించడం లేదు.

సమాధానం: అమ్మా, మీరు అడిగిన ప్రశ్నలకు వచ్చే ముందు ఈ వారంలోనే చేయవలసిన పనులు రెండున్నాయి.

అమ్మగారికి ఆ పొట్లం ఇవ్వడం ఆపండి. వారానికి 60,000 యూనిట్లంటే సగటున రోజుకు ఎనిమిదిన్నర వేలు. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన లెక్కల ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 600 యూనిట్లు. దాటకూడని హద్దు 4,000. లోపం బాగా ఉన్నవారికి ఎనిమిది వారాల పాటు వారానికొక పొట్లం ఇచ్చి, తర్వాత మోతాదు తగ్గించడం వైద్యంలో మామూలే. డి 9 ఉన్న మనిషికి అలా మొదలుపెట్టడం తప్పు కాదు. ఎనిమిది వారాల్లో ఆగవలసింది ఏడు నెలలు సాగింది, పైగా కాల్షియం మాత్ర కూడా తోడుగా నడుస్తోంది.

ఉత్తరం చివర ‘అన్నట్టు’ అంటూ రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. దాహం, మలబద్ధకం, ఆకలి లేకపోవడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లడం, నీరసం, కొందరిలో మాట తడబడటం, అయోమయం: రక్తంలో కాల్షియం పెరిగినప్పుడు కనిపించే లక్షణాలివి. విటమిన్ డి వల్ల విషలక్షణాలు సాధారణంగా ఆ అంకె 150 దాటాక కనిపిస్తాయి కాబట్టి 88 చూసి ఇదే కారణమని చెప్పలేను. అందుకే ఊరుకోవడానికీ లేదు. రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం పొందినవారిలో కాల్షియం పెరగడానికి ఇంకో కారణం కూడా ఉండవచ్చు, జబ్బు ఎముకలకు పాకినా అది పెరుగుతుంది. అలా జరిగిందని నేననడం లేదు. ‘పొట్లం వల్లే అయివుంటుంది, మానేశాం కదా’ అని ఇంట్లోనే తేల్చుకుని కూర్చోవద్దని అంటున్నాను. ఒకటి రెండు రోజుల్లో రక్తంలో కాల్షియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. కాల్షియం మామూలుగా 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. ఫలితం ఎంత వచ్చినా ఆ కాగితాన్ని విశాఖలో వైద్యం చేసిన డాక్టరుగారికి చేరవేయండి. ఆయన చెప్పేదాకా కాల్షియం మాత్ర కూడా ఆపవచ్చు. ఈలోగా వాంతులు పట్టుకున్నా, మనిషి మగతగా ఉన్నా పరీక్ష కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక నాన్నగారు. కిడ్నీ జబ్బుకు పేరుపడిన ఉద్దానంలో ఉండే మీకు క్రియాటినిన్ 2.4 అంటే మూత్రపిండాలు దెబ్బతిన్నట్టని నేను చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఆ అంకె తెలియని ఇల్లు అరుదు. మనం తీసుకున్న విటమిన్ డి మొదట కాలేయంలో, తర్వాత మూత్రపిండాల్లో మార్పు చెందితేనే ఒంట్లో పనిచేసే రూపానికి వస్తుంది. ఆ మూత్రపిండాలే దెబ్బతిన్నప్పుడు కాల్షియం, భాస్వరం, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి హార్మోను అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి తప్పుతాయి. అలాంటివారికి కూడా విటమిన్ డి అవసరం పడుతుంది, కానీ ఏ రూపంలో, ఎంత ఇవ్వాలన్నది కిడ్నీ డాక్టరు ఆ మూడూ చూసి నిర్ణయిస్తారు. కాల్షియం పెరిగితే మిగిలిన కిడ్నీ కూడా దెబ్బతింటుంది. కాబట్టి ఆయన ఆ పొట్లాన్ని ముట్టుకోకూడదు. అడగకపోయినా ఒక మాట చెబుతున్నాను. ఒళ్లు నొప్పులకు అమ్మగారికిచ్చిన నొప్పి మాత్రలు ఇంట్లో ఉంటే వాటినీ ఆయనకు అందకుండా పెట్టండి. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీ జబ్బు ఉన్నవారికి పొట్లం కంటే పెద్ద ప్రమాదం. పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది కాబట్టి ఈ విషయాలు అడగడానికి దూరం వెళ్లవలసిన పని కూడా లేదు.

ఇప్పుడు మావయ్యగారు పంపిన అంకె సంగతి. అది గాలిలోంచి పుట్టలేదు. 2018లో వచ్చిన ఒక విశ్లేషణలో, డి 20 కంటే తక్కువ ఉన్న స్త్రీలతో పోలిస్తే 60 దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ 80 శాతం దాకా తక్కువ కనిపించింది. అయితే అందులో కలిపిన వివరాల్లో కొంత భాగం తమంతట తాముగా విటమిన్ డి మీద ఆసక్తితో నమోదై, మాత్రలు వాడుతూ, రక్తపరీక్షలు చేయించుకుంటున్న వారిది. డి అంకెను 60కి పెంచుకోవాలని పట్టుబట్టి చూసుకునే మనిషి మిగతా ఆరోగ్యం ఎలా చూసుకుంటారో ఊహించండి. బరువు, నడక, తిండి, పరీక్షలు అన్నిటిలోనూ వారు వేరుగా ఉంటారు. క్యాన్సర్ తగ్గడానికి అందులో ఏది కారణమో ఆ అంకె చెప్పలేదు.

క్యాన్సర్ వచ్చాక ఎంతకాలం బతుకుతారన్న విషయంలోనూ ఇలాంటి పోలికే దొరికింది. అమెరికాలో ఉత్తర కాలిఫోర్నియాలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 1,666 మంది స్త్రీల రక్తాన్ని, జబ్బు బయటపడిన కొత్తలోనే తీసి భద్రపరిచి చూశారు. డి ఎక్కువగా ఉన్న మూడో వంతు వారిలో, తక్కువగా ఉన్న మూడో వంతు వారికంటే మరణాలు సుమారు 28 శాతం తక్కువ. 2017లో వచ్చిన ఆ ఫలితం పకడ్బందీగా చేసినదే, దాన్ని కొట్టిపారేయలేం. రక్తంలో డి తక్కువ ఉన్నవారికి క్యాన్సర్ ఫలితాలు బాగుండకపోవడం చాలా దేశాల్లో, చాలా రకాల క్యాన్సర్లలో మళ్లీ మళ్లీ కనిపించింది.

అయితే డి తగ్గడం వల్ల జబ్బు ముదిరిందా, జబ్బు వల్ల డి తగ్గిందా? మీ అమ్మగారినే చూడండి. పొద్దున షెడ్డులోకి వెళితే సాయంత్రం బయటికి వచ్చే బతుకు. ఆ తర్వాత కీమో నెలలన్నీ గదిలో మంచం మీద. తిన్నది ఇమడక గంజి, మజ్జిగ. ఒంట్లో మంట, వాపు ఉన్నప్పుడు కూడా రక్తంలో డి తగ్గినట్టు కనిపిస్తుంది. లావుగా ఉన్నవారిలో అది కొవ్వులో చేరి రక్తంలో తక్కువగా తేలుతుంది. ఇలాంటివి కలిసి 9 అయివుండవచ్చు. ఆ పరీక్ష ఆపరేషన్‌కు ముందు చేసివుంటే ఎంత ఉండేదో మనకు తెలియదు. బావిలో నీటిమట్టం పడిపోతే వానలు లేవని అర్థమవుతుంది, అంతేగానీ బావిలో నాలుగు బిందెలు పోసినంత మాత్రాన వాన పడదు. డి అంకె చాలావరకు అలాంటిదే.

‘చాలావరకు’ అన్నది ఊరికే అనలేదు. పోసి చూడటానికి కూడా పెద్ద ప్రయోగాలు జరిగాయి. అమెరికాలో ‘వైటల్’ అనే ప్రయోగంలో 25,871 మందిని చీటీ వేసినట్టు రెండు భాగాలు చేసి, సగం మందికి రోజుకు 2,000 యూనిట్ల విటమిన్ డి, మిగతా సగానికి అచ్చం అలాగే ఉండే మందు లేని మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో వారికీ తెలియదు. ఐదేళ్లకు పైగా గమనించి 2018లో ఫలితం చెప్పారు. డి తీసుకున్నవారిలో 793 మందికి, తీసుకోనివారిలో 824 మందికి క్యాన్సర్ వచ్చింది. అంటే తేడా లేనట్టే. మొదట్లో డి తక్కువ ఉన్నవారిని విడిగా చూసినా ఇదే తీరు. క్యాన్సర్‌తో చనిపోయినవారు మాత్రం 154, 187. ఇక్కడ కాస్త తేడా ఉంది కానీ, అది యాదృచ్ఛికం కాదని ఘంటాపథంగా చెప్పేంతది కాదు. మొదటి రెండేళ్లు వదిలేసి లెక్కిస్తే తేడా ఇంకొంచెం స్పష్టమైంది. నేను ఇందులో ఆశను పూర్తిగా కొట్టివేయను. రోజూ చిన్న మోతాదులో డి తీసుకున్న ప్రయోగాలన్నీ కలిపి చూస్తే క్యాన్సర్ మరణాలు నూటికి పదీ పదమూడు మేర తగ్గే అవకాశం కనిపిస్తోంది. సందేశంలో చెప్పిన 80 శాతానికీ దీనికీ ఎంత దూరమో చూడండి.

మనకు ఇంకా దగ్గరగా వచ్చేది ఆస్ట్రేలియా ప్రయోగం. అక్కడ 60 ఏళ్లు దాటిన 21 వేల మందికి పైగా నెలకొకసారి 60,000 యూనిట్లు గానీ, మందు లేని మాత్ర గానీ ఇచ్చారు. మన మందుల షాపుల్లో పొట్లంలో దొరికేది సరిగ్గా అదే మోతాదు, కాకపోతే మీ ఇంట్లో వారానికొకసారి వాడుతున్నారు. 2022లో వచ్చిన ఫలితం ప్రకారం మరణాలు తగ్గలేదు. క్యాన్సర్ మరణాలు తగ్గకపోగా, డి తీసుకున్నవారిలోనే కొద్దిగా ఎక్కువ వైపు మొగ్గు కనిపించింది. హాని ఉందని నిరూపించడానికి అది చాలదు. కానీ ఒకేసారి పెద్ద మోతాదు మింగడం, రోజూ కొద్దికొద్దిగా తీసుకోవడం ఒంటికి ఒకటే కాదన్న అనుమానం బలపడింది. పొట్లం వాడకం మన దగ్గర ఇంత పెరిగిపోయింది కాబట్టి ఈ ఒక్క ఫలితమైనా ఊరూరా తెలియాలని నా కోరిక.

క్యాన్సర్ ఉన్నవారికే డి ఇచ్చి చూసిన ప్రయోగాలూ ఉన్నాయి. ముదిరిన పెద్దపేగు క్యాన్సర్ ఉన్న 139 మందిలో కొందరికి కీమోతో పాటు రోజుకు 4,000 యూనిట్లు, కొందరికి 400 యూనిట్లు ఇచ్చారు. ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో జబ్బు 13 నెలలు అదుపులో ఉంది, మిగతావారిలో 11 నెలలు. 2019లో ఇది చూసి చాలామందిలో ఆశ పుట్టింది. అది నిజమేనా అని తేల్చుకోవడానికి 450 మందికి పైగా రోగులతో పెద్ద ప్రయోగం చేశారు. 2025లో ఫలితం వచ్చింది: జబ్బు అదుపులో ఉన్న కాలంలో తేడా లేదు.

అయితే అమ్మగారికి డి అక్కరలేదా? కావాలి, ఎముకల కోసం. లెట్రోజోల్ ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారీని దాదాపు ఆపేస్తుంది. ఆమెకు వచ్చిన రకం క్యాన్సర్‌కు ఆ హార్మోనే తిండి కాబట్టి అది ఆగాలి. కానీ ఎముకను కాపాడేదీ ఆ హార్మోనే. ఈ మాత్ర వాడేవారిలో ఎముకలు పలచబడి, చిన్న జారుడుకే తుంటి, మణికట్టు, వెన్నుపూస విరిగే ప్రమాదం ఉంది. అందుకే డాక్టర్లు కాల్షియం, డి చూసుకోమంటారు. ఎముకల బలం కోసం జోలెడ్రోనిక్ యాసిడ్ సూది ఇవ్వాలనుకుంటే డి ముందుగా సరిచేయడం తప్పనిసరి, లేకపోతే కాల్షియం ఒక్కసారిగా పడిపోతుంది. డి అంకె 20, 30 దాటి నిలకడగా ఉంటే ఎముకలకు సరిపోతుంది. 88 వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదు. కాల్షియం ఫలితం బాగుంటే, కొన్ని నెలలు ఆగాక రోజువారీ చిన్న మోతాదు ఏదైనా డాక్టరుగారే రాస్తారు. ఎముక సాంద్రత చూసే డెక్సా పరీక్ష అయిందో లేదో కూడా అడగండి. మీ ఉత్తరంలో ఆ ఊసు లేదు.

ఎండ సంగతి. నీడ మన ఎత్తు కంటే పొట్టిగా పడే వేళ ఎండకే చర్మం డి తయారు చేస్తుంది, ఉదయపు నీరెండ అందుకు చాలదు. ముఖం, చేతులు, కాళ్లు ఎండకు తగిలేలా కాసేపు బయట ఉంటే మేలే. రేడియేషన్ పడిన చోట చర్మాన్ని మాత్రం కప్పి ఉంచాలి. మీది సముద్రం పక్క ఊరే కాబట్టి కవళ్లు, కనగంతల వంటి నూనె ఎక్కువ ఉన్న చేపలు, గుడ్డు పచ్చసొన తిండిలో ఉండేలా చూడండి. ప్లస్ గుర్తు పక్కన ఇంగ్లీషు ఎఫ్ అక్షరం ముద్రించిన నూనె, పాల ప్యాకెట్లలో ఎ, డి విటమిన్లు కలుపుతారు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టిన విషయానికి ఇప్పుడు వస్తాను. అమ్మగారు లెట్రోజోల్‌ను రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. మీరంతా 88 అంకె వైపు చూస్తుంటే, ఆమె ప్రాణానికి నిజంగా కాపలా కాసే మాత్ర పక్కకు జరిగిపోయింది. హార్మోను మీద ఆధారపడే రొమ్ము క్యాన్సర్‌లో ఐదేళ్ల పాటు టామాక్సిఫెన్ వాడినవారిలో, వాడనివారితో పోలిస్తే పదిహేనేళ్లలో ఆ క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. వేలమంది స్త్రీలతో చేసిన ఎన్నో ప్రయోగాలను కలిపి తేల్చిన లెక్క అది. బహిష్టు ఆగిన స్త్రీలలో లెట్రోజోల్ తరగతి మాత్రలు దానికంటే ఇంకొంత మెరుగు. ఏ విటమిన్‌కూ ఇలాంటి రుజువు దరిదాపుల్లో కూడా లేదు.

కీళ్లు పట్టేయడం ఆమె ఊహ కాదు. ఆ మాత్ర వల్ల చాలామందికి పొద్దున లేవగానే వేళ్లు ముడవక, మోకాళ్లు వంగక అవస్థ అవుతుంది. చాలామంది దాన్ని మానేసేది ఇందుకే. దీనికి దారులున్నాయి. రోజూ నడక, కండరాలకు పని చెప్పే వ్యాయామం చేసినవారికి ఈ నొప్పులు తగ్గినట్టు ప్రయోగాల్లో తేలింది. ఒక మాత్ర పడకపోతే అదే తరగతిలో అనాస్ట్రోజోల్, ఎక్సిమెస్టేన్ ఉన్నాయి. ఒకదానితో వచ్చిన నొప్పి ఇంకోదానితో రాకపోవచ్చు. అదీ కుదరకపోతే టామాక్సిఫెన్ ఉంది. ఇవన్నీ డాక్టరుగారికి తెలుసు, కానీ అమ్మగారు మాత్ర సరిగా వేసుకోవడం లేదన్న సంగతి మాత్రం ఆయనకు తెలియదు. తిడతారేమోనని రోగులు దాస్తారు. మీరు వెంట వెళ్లి ఆ మాట ఆమె ముందే చెప్పండి. మావయ్యగారి మీద కోపం వద్దు. తోబుట్టువు మీద ప్రేమతోనే ఆయన ఇంత పట్టించుకున్నారు. ఆ పట్టుదలను ఇటు తిప్పండి. రాత్రి భోజనమయ్యాక ‘అక్కా, మాత్ర వేసుకున్నావా’ అని రోజూ ఫోన్ చేసే పని ఆయనకు అప్పగించండి.

నడక గురించి ఒక్క మాట. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయిన 889 మందిలో సగం మందికి మూడేళ్ల పాటు శిక్షకుల సాయంతో వ్యాయామం చేయించారు. మిగతావారికి ఆరోగ్య పుస్తకాలిచ్చి ఊరుకున్నారు. 2025లో వచ్చిన ఫలితం ప్రకారం, ఎనిమిదేళ్లకు వ్యాయామం చేసినవారిలో నూటికి 90 మంది బతికి ఉన్నారు, చేయనివారిలో 83 మంది. అది వేరే క్యాన్సర్ కాబట్టి ఆ లెక్కనే అమ్మగారికి అంటగట్టను. కానీ ఆమె కీళ్లకు, ఎముకలకు, బరువుకు ఎలాగూ నడక కావాలి.

ఇక క్యాప్సూళ్లు. విటమిన్ అంటే మంచిదే, ఎక్కువైతే ఇంకా మంచిది అన్న నమ్మకం క్యాన్సర్ విషయంలో ఎంత ప్రమాదమో మన తెలుగువాడి కృషి ద్వారానే ప్రపంచానికి తెలిసింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో 1945లో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ తరగతి మందులు ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా జోరందుకున్నట్టు కనిపించింది. క్యాన్సర్ కణాలకూ విటమిన్ కావాలి, వేగంగా పెరిగేవి కాబట్టి ఇంకా ఎక్కువ కావాలి. దాంతో ఆలోచన తిరగబడింది. ఆ విటమిన్‌కు అడ్డుపడే మందులను సుబ్బారావుగారి బృందమే తయారు చేసి ఇచ్చింది. 1948లో అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్‌కు మందుతో వైద్యం అక్కడే మొదలైంది. ఆ కుటుంబంలోని మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. ఆ ఏడాదే సుబ్బారావుగారు కన్నుమూశారు.

బీటా కెరోటిన్ కథ పొగ తాగేవారి ఇంట్లో అందరూ తెలుసుకోవలసింది. రక్తంలో అది ఎక్కువ ఉన్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా వస్తోందని గమనించి, ఫిన్లాండ్‌లో పొగ తాగే 29,133 మంది మగవారిలో కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చారు. 1994లో తేలిందేమిటంటే, అది మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. ప్రయోగం మొదట్లో రక్తంలో అది సహజంగా ఎక్కువ ఉన్నవారికి మాత్రం క్యాన్సర్ తక్కువగానే వచ్చింది. ఆకుకూరలు, పళ్లు బాగా తినేవారి రక్తంలో కనిపించే గుర్తు ఒకటి, బిళ్లగా మింగితే జరిగేది వేరొకటి. అమెరికాలో 18 వేల మందితో జరిగిన ఇంకో ప్రయోగంలో క్యాన్సర్ 28 శాతం పెరగడంతో 1996లో దాన్ని 21 నెలల ముందే ఆపేశారు. విటమిన్ ఇ కూడా అంతే. 35 వేల మంది మగవారిలో దాన్ని విడిగా వాడినవారికి ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో వెల్లడైంది. కాబట్టి నాయనమ్మగారికి ఆ క్యాప్సూళ్లు వద్దు. మునగాకు, తోటకూర, గుమ్మడి, బొప్పాయి ఎన్నైనా తిననివ్వండి.

నాయనమ్మగారి అసలు ముప్పు చుట్టలోనే ఉంది. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని పీల్చే ఈ అలవాటును 1960ల చివర్లో పరిశోధకులు శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి పరిశీలించారు. అప్పటికి విజయనగరం జిల్లా ఇంకా ఏర్పడలేదు. పదివేల మందికి పైగా చూస్తే నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగుతున్నారు. అంగిలి మీద తెల్లమచ్చలు, పుండ్లు, క్యాన్సర్ ఈ అలవాటుతో గట్టిగా ముడిపడి ఉన్నాయని ఆ పరిశీలనతో ప్రపంచానికి తెలిసింది. కేరళలో పొగాకు నమిలేవారికి విటమిన్ ఎ ఇచ్చినప్పుడు చాలామందిలో నోటి మచ్చలు పోయాయి, ఆపాక వారిలో ఎక్కువమందికి మళ్లీ వచ్చాయి. పగలు మంచి వెలుతురులో ఆమెను తల పైకెత్తి నోరు తెరవమని, ఫోను టార్చి వేసి అంగిలి చూడండి. తెల్లగా మందం కట్టిన చోట ఎర్రటి మచ్చ గానీ, పుండు గానీ, గడ్డ గానీ ఉంటే శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రిలో దంతవైద్యులకు చూపించండి. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఈ వయసులో మానేస్తే ఏం లాభం అని ఆమె అనవచ్చు. మానేస్తే ఆ మచ్చలు తగ్గడం మామూలే, వయసుతో పని లేదు.

చివరగా మీ ప్రశ్న. ఎముకల నొప్పులు, కండరాల బలహీనత, కిడ్నీ, కాలేయం జబ్బుల్లాంటివేమీ లేని 34 ఏళ్ల మనిషికి డి పరీక్ష అవసరం లేదు. హార్మోన్ల నిపుణుల అంతర్జాతీయ సంఘం 2024లో ఇచ్చిన సూచనలు కూడా ఆరోగ్యవంతులకు మామూలుగా ఈ పరీక్ష వద్దనే చెబుతున్నాయి. పొట్లాలూ వద్దు. అమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది కాబట్టి మీరు చేయవలసినది వేరే ఉంది. అమ్మగారి చెకప్‌కు వెళ్లిన రోజే మీ రొమ్ములను కూడా డాక్టరుతో పరీక్ష చేయించుకోండి. ఏటా అలా చేయించుకుంటూ, 40 నుంచి మామోగ్రామ్ మొదలుపెట్టండి. పిన్ని, పెద్దమ్మ, అమ్మమ్మల్లో ఎవరికైనా రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చిందేమో మావయ్యగారిని అడిగి, పేరు పక్కన జబ్బు వచ్చిన వయసు వేసి ఒక కాగితం మీద రాసుకోండి. ఒకరికి మించి ఉంటే జన్యు పరీక్ష అవసరమా అని అదే రోజు డాక్టరుగారిని అడగండి.